లెన్సు వెనక నిలబడ్డవాడు

ఫెరేటి అంటే నాకు గిట్టదు. ఆ సంగతి ముందే చెప్పేస్తే తర్వాత ఎవరూ నన్ను పక్షపాతి అని వేలెత్తి చూపనక్కర్లేదు. ఇది అతని కథ కాదు, సినేవా కథ. కాని అతని పేరెత్తకుండా ఆమె గురించి చెప్పడం కుదరదు. నా ఒళ్లుమంటంతా అందుకే.

సినేవా మా దీవుల రాజధాని అపియాలోని నర్సింగ్ కాలేజీలో కాన్పుల పాఠం చెబుతుంది. ఇక్కడికి రాకముందు సగం జీవితం సవాయి దీవిలో, ఊళ్ల ఆసుపత్రుల్లో పురుళ్లు పోసింది. పొడుగు మనిషి, గట్టి ఎముక, అంతకంటే గట్టి గొంతు. ఆమె చేతుల్లో పుట్టినవాళ్లు ఇవాళ బస్సులు నడుపుతున్నారు. ఆమె బస్సెక్కితే డబ్బులడగడానికి వాళ్లకి భయం. "పుట్టినప్పుడు కాళ్లు పట్టుకుని వేలాడదీసి ఒక్కటిస్తే గాని ఏడవలేదు నువ్వు. ఇప్పుడు నన్నే టికెట్ అడుగుతున్నావా?" అంటుంది బస్సంతా వినేలా. వాడు నవ్వలేక ఏడవలేక స్టీరింగు వంక చూసుకుంటాడు. అంతా అయ్యాక డబ్బులు ఇచ్చే దిగుతుందనుకోండి. భర్త నోట్లో నాలుక లేనివాడు. ఆయన వంతు మాటలు కూడా ఈమే ఖర్చుపెట్టేస్తుందని మేం వేళాకోళం చేసేవాళ్లం.

అలాంటి మనిషికి మాట్లాడటం రాదన్నారు. అన్నవాళ్ల నోట్లో పురుగులు పడ.

ఆమె క్లాసులోకి అడుగుపెట్టగానే అడిగే మొదటి ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "మీలో అన్నాచెల్లెళ్లు, అక్కాతమ్ముళ్లు ఎవరెవరున్నారో లేవండి. పెదనాన్న పిల్లలు, మేనత్త పిల్లలు, అందరూ లెక్కే. మగపిల్లలు బయటికి నడవండి. మీకు మధ్యాహ్నం విడిగా చెబుతాను." కుర్రాళ్లు నవ్వుకుంటూ వెళ్లిపోయేవారు. మా దగ్గర తోబుట్టువైన మగవాడి ముందు ఆడది ఒంటి గురించి, కాన్పు గురించి మాట ఎత్తదు. బాబాయి కూతురైనా, మేనమామ కూతురైనా మాకు చెల్లెలే. ఎవరైనా పొరపాటున ఆ మాట ఎత్తితే లేచిపోవాల్సింది మగవాడు. ఆడది ఎందుకు లేవాలి? ఆమె మర్యాద కాపాడటం అతని వంతు. ఈ చిన్న సంగతి మా ఊళ్లలో పాకే పిల్లాడిక్కూడా తెలుసు.

కిందటేడు సవాయిలో ఒక కాన్పు కేసు పోయింది. బిడ్డ పుట్టాక తల్లికి రక్తం ఆగలేదు. అక్కడున్న నర్సు పిల్లకి ఏం చెయ్యాలో తెలియదు. పాఠానికి పడవెక్కి రమ్మంటే ఆసుపత్రిలో ఇంకో మనిషి లేక ఆ పిల్ల ఏడాదిగా రాలేకపోయింది. ఆ కబురు సినేవాకి అందింది. మర్నాడు ప్రిన్సిపాల్ దగ్గరికెళ్లి, "వాళ్లు రాలేకపోతే నా పాఠం వాళ్ల దగ్గరికి పోవాలి. వీడియో తియ్యండి" అంది. ఎవరూ అడక్కుండా తనే అడిగింది పాపం.

ప్రిన్సిపాల్ సరేనంది గాని మెలిక పెట్టింది. "ఈ టర్ము అయ్యేలోపు నీ పాఠాలు రికార్డు కావాలి. కాకపోతే న్యూజిలాండ్ వాళ్ల వీడియోలు తెప్పిస్తా. అవి తయారుగా ఉన్నాయి." అవి ఇంగ్లీషువి. మా ఊళ్ల నర్సు పిల్లలు ఇంగ్లీషు పాఠం విని తలూపుతారు, అర్థం కాలేదని చెప్పడానికి సిగ్గుపడతారు, రక్తం కారేటప్పుడు బిక్కమొహం వేస్తారు. సినేవాకి అదే బెంగ. ఉద్యోగం సంగతి ఆ తర్వాత.

పాత సామాన్ల గదిని స్టూడియో చేశాం. గొంతు మార్మోగకుండా గోడలకి చాపలు కట్టాం. పైన రేకులు, వాన పడితే పని బంద్. పక్క చర్చిలో పాటల సాధన మొదలైతే పని బంద్. కోడి కూసినా బందే. మైకులు, ధ్వని నా పని. నా పేరు తిరేసా. పాఠం బాగా చెప్పడం నేర్పడానికి బ్రిస్బేన్ నుంచి రస్సెల్ అని ఒక పలాంగిని, అంటే తెల్లవాణ్ని, పిలిపించారు. కాలేజీ మొత్తానికి కెమెరా సరిగ్గా పట్టగలిగినవాడు ఒక్కడే. ఫెరేటి.

ఫెరేటి సినేవాకి పెదనాన్న కొడుకు. ఒకే పెరట్లో పెరిగారు. కొన్నేళ్ల కిందట వాళ్ల కుటుంబంలో పెద్దాయన పోయాడు. పెద్దరికం, బిరుదు ఎవరికివ్వాలన్న మాట వచ్చింది. అందరి చూపూ సినేవా తండ్రి మీదే ఉంది. ఊళ్లో పెద్దింట్లో కుటుంబమంతా కూర్చుంటే ఫెరేటి లేచాడు. వాడు మాటకారి, ఆ మాట ఒప్పుకుని తీరాలి. తియ్యగా, నెమ్మదిగా, కళ్లనీళ్లు పెట్టుకుని మరీ చెప్పాడు. "బాబాయి అంటే నాకు ప్రాణం. కాని నిజం దాచలేను. ఆయన మా తాతకి పుట్టలేదు. ఎవరో ఓడలో వచ్చినవాళ్లు వదిలేసిపోయిన బిడ్డ. జాలిపడి పెంచారు. ఆ ఇంటికీ మాకూ రక్తం కలవదు."

సాక్ష్యం చెప్పాల్సిన ముసలివాళ్లందరూ అప్పటికే మట్టిలో కలిశారు. బిరుదు ఫెరేటికి వచ్చింది. మటాయి అయ్యాడు, అంటే కుటుంబానికి పెద్ద, ఊళ్లో మాట చెల్లేవాడు. సినేవా తండ్రి ఇంటికొచ్చి చాప మీద పడుకున్నాడు. తర్వాత ఏ సభకీ వెళ్లలేదు, ఎక్కువ కాలం బతకలేదు కూడా. అప్పట్నుంచి సినేవా ఫెరేటితో మాట్లాడలేదు.

ఇప్పుడు మొదటిరోజు రికార్డింగ్ సంగతి. సినేవా కొత్త పులెతాసీ కట్టుకుని, చెవిలో పువ్వు పెట్టుకుని వచ్చింది. ఎదురుగా లెన్సు, లెన్సు వెనక ఫెరేటి. "నా పేరు సినేవా. ఈరోజు మనం గర్భసంచి..." అని ఆగిపోయింది. మళ్లీ మొదలెట్టింది, మళ్లీ అక్కడే ఆగింది. మెడ మీద చెమట నాకు కనిపిస్తూనే ఉంది. కెమెరా వెనక ఫెరేటి కదల్లేదు. సిగ్గున్న అన్న అయితే కెమెరా బిగించి, మీట నొక్కి, తలుపవతలికి పోతాడు. కెమెరాకి కాళ్లున్నాయి గాని అది పారిపోదు కదా!

రస్సెల్ దాన్ని బెదురు అనుకున్నాడు. మంచి మనిషే గాని వట్టి మొద్దు. ఊపిరి పొట్టలోంచి తియ్యమన్నాడు. నోరు మూసుకుని తుమ్మెదలా రొద చెయ్యమన్నాడు. కాగితం చదవొద్దు, ఒక్కో ముక్కలో ఒక్కటే సంగతి చెప్పు, వందమందికి చెబుతున్నాననుకోకు, లెన్సులో ఒక్క మనిషిని చూసి ఆమెతో మాట్లాడు అన్నాడు. ఒక ఆడమనిషి ఫొటో తెచ్చి లెన్సు పక్కన అంటించాడు కూడా. సలహాలన్నీ మంచివే. కాని రోగం ఒకటైతే మందు ఇంకోటి. ఫొటో పక్కనే ఫెరేటి మొహం ఉంది.

"ఈవిడకి ఇంత భయం ఎందుకు?" అని రస్సెల్ అడిగితే ఫెరేటి ఏమన్నాడో తెలుసా? "మాట్లాడటం రక్తంలో ఉండాలి సార్. కొన్ని ఇళ్లలో ఉండదు."

నా చెవులకున్న హెడ్‌ఫోన్లు తీసి వాడి నెత్తిన కొడదామనుకున్నాను. రస్సెల్ బయటికెళ్లాక అడిగేశాను. "మీరు కాసేపు బయట నిలబడితే ఏం పోయింది? ఫ్రేము నేను చూస్తాను."

"కెమెరా నా బాధ్యత తిరేసా."

"ఆవిడ మీ ముందు ఎలా చెబుతుందండీ?"

"ఎందుకు చెప్పకూడదు? ఆవిడ నాకేమవుతుందని?" అన్నాడు నవ్వుతూ.

రస్సెల్‌ని పక్కకి పిలిచి సంగతి చెప్పాను. "ఓ, అలాగా. పోనీ అతను చూపు తిప్పుకుంటే సరిపోదా? వృత్తి వేరు, ఇల్లు వేరు కదా" అన్నాడు. గోడకి చెప్పినా కాస్త నయం. ప్రిన్సిపాల్ దగ్గరికి పోయాను. ఆవిడ తల పట్టుకుంది. "ఆయన మటాయి. ఆయన్ని గదిలోంచి బయటికి పొమ్మని నేనెలా అంటానే? రేపు మా ఊళ్లో నా మొహం ఎక్కడ పెట్టుకోను?" ఫెరేటికి ఇవన్నీ ముందే తెలుసు. తెలిసే నిలబడ్డాడు. ఆడదాని మర్యాద కోసం పుట్టిన కట్టుబాటుని ఆమె గొంతుకే ఉరితాడు చేశాడు. ఇంత నీచం నేను ఎక్కడా చూడలేదు.

రోజులు గడిచాయి. ఒక్క పాఠమూ పూర్తికాలేదు. రస్సెల్ నెమ్మదిగా, జాలిగా అన్నాడు. "సినేవా, అందరికీ కెమెరా పడదు. అందులో తప్పు లేదు. రేపూ ఎల్లుండీ ప్రయత్నిద్దాం. కాకపోతే ఇంగ్లీషు వీడియోలే తెప్పించమని చెబుతాను."

ఆ జాలి ఆమెకి బాగా తగిలినట్టుంది. మర్నాడు వచ్చేటప్పుడు చెవిలో పువ్వు లేదు. మైకు నేను పెట్టబోతే లాక్కుని తనే పెట్టుకుంది. లెన్సు ముందు నిలబడి, పాఠం మొదలెట్టకుండా, ఇన్నేళ్లలో మొదటిసారి అతన్ని పేరుపెట్టి పిలిచింది.

"ఫెరేటీ."

వాడు కెమెరా మీంచి తల ఎత్తాడు.

"ఆరోజు పెద్దింట్లో మా నాన్న గురించి ఏమన్నావ్? మీ తాతకి పుట్టలేదన్నావా లేదా?"

"ఆ గొడవ ఇక్కడెందుకు?"

"ఇక్కడే కావాలి. నువ్వన్నది నిజమైతే నువ్వు నాకు అన్నయ్యవి కాదు. దారిన పోయే మగాడివి. నీ ముందు నేను ఏ మాటైనా అనొచ్చు, నువ్వు వినొచ్చు. అబద్ధమైతే తలుపు అదిగో."

రస్సెల్ నా వైపు వంగి "ఏమంటున్నారు?" అన్నాడు.

"లైటు గురించి సార్" అన్నాను.

ఫెరేటి మొహం నల్లబడింది. పోతే ఆమె తండ్రి తన బాబాయని ఒప్పుకున్నట్టు. పోకపోతే చెల్లెలి నోట వినకూడని మాటలు వినాలి. మటాయి గారు పళ్లు బిగించి కెమెరాలోకి తల దూర్చాడు. సినేవా మొదలెట్టింది.

ఇక ఆగలేదు. గర్భసంచి అంది, దాని మూతి ఎంత తెరుచుకోవాలో వేళ్లతో చూపించింది, నీళ్లు పోవడం గురించి చెప్పింది. కాగితం లేదు, తడబాటు లేదు. లెన్సులోకి సూటిగా చూస్తూ, అవతల సవాయిలో భయంతో కూర్చున్న ఒక పిల్లకి చెబుతున్నట్టే చెప్పింది. రస్సెల్ నోరు తెరుచుకుని ఉండిపోయాడు. నేను ఫెరేటిని చూస్తున్నాను. చెవులు ఎర్రబడ్డాయి, చొక్కా వీపుకి అతుక్కుంది. బిడ్డ తల కనిపించే ఘడియ దగ్గరికి ఆమె వచ్చింది. వాడు పిడి వదిలేశాడు. నడుం సగానికి వంచి, చెయ్యి నేలకి దించి, "తులో" అని గొణిగాడు. గౌరవించాల్సినవాళ్ల ముందు నుంచి పోవాల్సి వస్తే మేమనే మాట అది. అలాగే వంగి బయటికి వెళ్లిపోయాడు. దారిన పోయే ఆడదాని కోసం ఏ మటాయీ అంత వంగడు.

సినేవా అతను దాటిన గుమ్మం వంక ఒక్కసారి చూసింది. తర్వాత పాఠం పూర్తిచేసింది. కెమెరా దానంతటది నిలబడి అంతా చక్కగా తీసింది.

బయట పనసచెట్టు కింద కుళాయి దగ్గర ఫెరేటి మొహం కడుక్కుంటున్నాడు. ఆమె తిన్నగా అక్కడికే నడిచింది. వెనకాలే నేనూ. నన్ను రావద్దని ఎవరూ అనలేదు, అన్నా ఆగేదాన్ని కాదు.

"చెప్పన్నయ్యా. మా నాన్న ఎవరి కొడుకు?"

వాడు చాలాసేపు కుళాయి కట్టలేదు. "తాత కొడుకే" అన్నాడు చివరికి.

"మరి ఆ మాట ఊళ్లో చెప్పు. ఎక్కడన్నావో అక్కడే, ఎవరి ముందన్నావో వాళ్ల ముందే చెప్పు."

"చెబితే బిరుదు పోతుంది సినేవా. ఊళ్లో తలెత్తుకుని తిరగలేను. పెళ్లాం పిల్లల మొహం ఎలా చూడను?"

"మా నాన్న తలొంచుకునే పోయాడు గదరా!"

"పోయినాయనకి ఇప్పుడు పరువెందుకే?" అన్నాడు.

నేనైతే ఆ కుళాయి పీకి కొట్టేదాన్ని. ఆమె కొట్టలేదు, తిట్టలేదు. "రేపు రక్తస్రావం పాఠం ఉంది. నువ్వెవరివో తేల్చుకునిరా" అని వచ్చేసింది.

మధ్యాహ్నం ఇద్దరం పానికేకేలు తింటూ మెట్ల మీద కూర్చున్నాం. ఆమె మొహం ఎన్నేళ్లకో తేటపడింది. "చూడవే, రేపు వాడసలు లోపలికే రాడు. ఆదివారం చర్చి అయ్యాక ఊరికెళ్లి చెప్పేస్తాడు. వాడికి నోటి దూలేగాని గుండె కుళ్లలేదే. చిన్నప్పుడు వాగొస్తే నన్ను వీపునెక్కించుకుని దాటించేవాడు. నా చెప్పులు వాడి నోట్లో ఉండేవి, చేతులు ఖాళీ లేక."

"నీకు పిచ్చక్కా" అన్నాను.

"ఇవాళ ఎలా వంగి పోయాడో చూశావుగా?"

చూశాను.

మర్నాడు మేం వెళ్లేసరికి ఫెరేటి ముందే వచ్చేసి ఉన్నాడు. ఇస్త్రీ చేసిన తెల్లచొక్కా, నూనె రాసి దువ్విన జుట్టు. కెమెరా వెనక నిటారుగా నిలబడి ఉన్నాడు. సినేవా గుమ్మంలోనే ఆగి చూసింది. నేను మైకు పెడుతుంటే ఆమె గుండె కొట్టుకోవడం నా వేళ్లకి తెలుస్తూనే ఉంది. చెవిలో మళ్లీ పువ్వు పెట్టుకొచ్చింది పిచ్చిది.

"మొదలెడదామా?" అన్నాడు రస్సెల్.

ఆమె లెన్సులోకి చూసింది. "నా పేరు సినేవా. ఈరోజు పాఠం బిడ్డ పుట్టాక ఆగని రక్తం గురించి. మొదలెట్టేముందు ఒక్కమాట. గదిలో మీకు అన్నో తమ్ముడో ఉంటే ముందు బయటికి పంపండి."

అని ఆగింది. చేతులు ముందు కట్టుకుని ఎదురుచూసింది. పక్క చర్చిలో పాట లేదు, వాన లేదు, దిక్కుమాలిన కోడి కూడా కూయలేదు. హెడ్‌ఫోన్లలో ఆమె ఊపిరొక్కటే వినిపిస్తోంది. రస్సెల్ గడియారం వంక చూశాడు. ఫెరేటి కెమెరా చిన్న తెరలోంచి కళ్లు తియ్యలేదు. ఒక చెయ్యి ఎత్తాడు. ఇక వెళ్తాడనుకున్నాను, నిజం చెప్పాలంటే నేను కూడా అనుకున్నాను.

"కొంచెం కుడివైపుకి జరగండి మేడమ్" అన్నాడు.

అండీ, మేడమ్!

సినేవా కుడివైపుకి జరిగింది. జరిగి, పాఠం చెప్పింది. అంతకంటే గొప్పగా ఎవరైనా పాఠం చెప్పగా నేను వినలేదు. పొట్ట మీద ఎక్కడ, ఎంత గట్టిగా రుద్దాలో, గుడ్డ ఎంత తడిస్తే భయపడాలో, ఏ సూది ముందో, డాక్టరుకి ఫోను కలవకపోతే పిడికిలితో ఎక్కడ అదిమిపట్టి ఉంచాలో చెప్పింది. "చెయ్యి నెప్పెడుతుంది. తియ్యొద్దు. నువ్వు తీస్తే ఆ తల్లి పోతుంది" అని చెప్పేటప్పుడు గొంతులో వణుకు లేదు, ఆవేశం లేదు. ఫెరేటి చెవులు ఎర్రబడలేదు. చివరిదాకా విన్నాడు. బొమ్మ ఎక్కడా కదల్లేదు.

అయిపోగానే రస్సెల్ చప్పట్లు కొట్టాడు. "అద్భుతం! ఆ భయమంతా ఏమైపోయింది? ఫెరేటీ, మీరిద్దరూ బంధువులని తిరేసా అంది. మీరేమైనా ధైర్యం చెప్పారా?"

"బంధువులం కాదు సార్. ఒక ఊరివాళ్లం, అంతే" అన్నాడు ఫెరేటి వైరు చుట్టుకుంటూ.

సినేవా మైకు విప్పుతోంది. విన్నది. చెవిలో పువ్వు తీసి చెత్తబుట్టలో వేసి, "తర్వాతది ఎప్పుడు తీద్దాం?" అని రస్సెల్‌ని అడిగింది.

పాఠాలన్నీ టర్ము కంటే ముందే అయిపోయాయి. న్యూజిలాండ్ వీడియోల ఊసు మళ్లీ రాలేదు. ప్రిన్సిపాల్ సన్మానం చేస్తే ఫెరేటి లేచి ఆమె మాటతీరు గురించి చక్కటి ఉపన్యాసం కూడా ఇచ్చాడు. నేను ఆ రోజు అన్నం ముట్టకుండా వచ్చేశాను. సినేవా మాత్రం కూర్చుని తిన్నది. ఇప్పుడామె అతనితో మామూలుగానే మాట్లాడుతుంది, మీరు అంటుంది, లైటు సరిపోయిందా అండీ అని అడుగుతుంది. బస్సు కుర్రాళ్లని ఏడిపించడం మానేసింది.

రక్తస్రావం పాఠంలో ఆమె ఆగి ఎదురుచూసిన చోటు కత్తిరించెయ్యమన్నాడు రస్సెల్, మరీ సాగిందని. నేను కత్తిరించలేదు. సవాయి నుంచి వచ్చిన ఒక నర్సు పిల్ల మొన్న నాతో అంది, టీచరుగారు ఎంత మంచివారండీ, అన్నదమ్ములు బయటికి వెళ్లడానికి అంతసేపు టైమిచ్చారు అని. అక్కడ ఆ పాఠం పెట్టినప్పుడల్లా, ఆమె అలా చూస్తూ నిలబడేసరికి, వాళ్ల అన్నదమ్ములు లేచి వెళ్లిపోతారట.